అనంతపురం బోరు నీళ్లకు వాటర్ సాఫ్ట్‌నర్: ఏడేళ్లు వాడాక నా అనుభవం

మెకానిక్ గీజర్ విప్పి బాత్రూంలో వంచగానే నీళ్లతో పాటు తెల్లటి పెళ్లలు రాలాయి. కొన్ని కోడిగుడ్డు పెంకులంత పలచగా, కొన్ని వేలు మందాన. ఎత్తితే చేట నిండింది. ఎలిమెంట్ బయటికి తీస్తే లోహం రంగు ఎక్కడా కనబడలేదు. సున్నంలో ముంచి ఆరబెట్టిన కర్రలా ఉంది. దాని పక్కన ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ కరిగిపోయి మధ్యలో తీగ మాత్రం మిగిలింది. "గీజర్ మంచిదే సార్, మీ నీళ్లే మంచివి కావు" అన్నాడతను. అది 2018 ఫిబ్రవరి. ఆ గీజర్ కొని నాలుగేళ్లు, అప్పటికే అందులో అది మూడో ఎలిమెంట్.

మా ఇల్లు అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు. వంటకి మాత్రం పీఏబీఆర్ (పెన్నా అహోబిలం జలాశయం) నుంచి వచ్చే కొళాయి నీళ్లు పట్టుకుంటాం. మిగతా అన్నిటికీ బోరే దిక్కు. ఇక్కడి వాళ్లకి ఈ నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ నీళ్లతో వండితే కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది, తలంటుకుంటే వెంట్రుకలు పీచులా తయారవుతాయి, బకెట్ అంచున బూడిదరంగు జిడ్డు పేరుకుంటుంది. కూలర్ గడ్డి ఒక్క వేసవికే రాయిలా గట్టిపడుతుంది. ఇవన్నీ అలవాటైపోయి, బోరు నీళ్లంటే ఇంతేలే అనుకుని బతికేశాం. నన్ను కదిలించింది వాషింగ్ మెషీన్. మూడేళ్లకే హీటర్ కాలిపోయింది. సర్వీసు వాళ్లు వచ్చి చూసి, హార్డ్ వాటర్ వల్ల పోయినదానికి వారంటీ రాదని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించి వెళ్లిపోయారు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. నాలుగేళ్లలో గీజర్ రిపేర్లు, మెషీన్ హీటర్, ఏడాది తిరగకుండానే మార్చిన ఆర్‌ఓ మెంబ్రేన్లు, పూడిపోయిన షవర్లు, బిగుసుకుపోయిన ట్యాపులు అన్నీ కలిపితే ఇరవై రెండు వేలు దాటింది. ఏ కంపెనీ మెషీన్ మంచిది అని నలుగురినీ అడిగేవాణ్ణి గానీ, దానిలోకి ఏ నీళ్లు పోస్తున్నానో ఎప్పుడూ చూసుకోలేదు. మన ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ముందు నీళ్ల కాఠిన్యం కొలిచే చుక్కల టెస్ట్ కిట్ తెప్పించాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి, రంగు పొడి కొంచెం వేస్తే ద్రాక్షరసం రంగుకి తిరుగుతాయి. ఆపైన రెండో సీసాలోది ఒక్కో చుక్కా వేస్తూ కలపాలి. నీళ్లు నీలం రంగుకి మారిన చుక్క దగ్గర లెక్క ఆపాలి. నా కిట్‌లో ఒక్కో చుక్కకి లీటరుకి 20 మిల్లీగ్రాముల లెక్క. మా బోరు నీళ్లు ముప్ఫై ఒకటో చుక్కకి గానీ నీలం తిరగలేదు. అంటే కాఠిన్యం లీటరుకి 620 మిల్లీగ్రాములు. తాగునీటికి మన దేశ ప్రమాణం (ఐఎస్ 10500) 200 దాకా మంచిదంటుంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోమంటుంది. మావి అదీ దాటాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. టీడీఎస్ పెన్ను ముంచి చూసి కాఠిన్యం తెలిసిందనుకోవద్దు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంచనా చూపిస్తుంది. గార కట్టేది వాటిలోని కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు కాగేకొద్దీ కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, సున్నపురాయి పదార్థమే ఎలిమెంట్ మీద పొరగా పేరుకుంటుంది. వేడి ఆ పొర దాటి నీళ్లలోకి సరిగ్గా పోదు. కరెంటు కాలుతూనే ఉంటుంది, ఎలిమెంట్ లోలోపలే మాడిపోతుంది.

నీళ్ల కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ కంటే ముందు పైపుకి బిగించే అయస్కాంతం కొన్నాను, ఆరు వేలు. గార కట్టదు, ఉప్పు అక్కర్లేదు, ఏ పనీ లేదు అని అమ్మినతను గట్టిగా నమ్మబలికాడు. నాలుగు నెలల తర్వాత కొత్త ఎలిమెంట్ తీయించి చూస్తే దాని మీద మళ్లీ తెల్లటి పొర. పరీక్షలో చుక్కలు అది బిగించక ముందూ ముప్ఫై ఒకటే, తర్వాతా ముప్ఫై ఒకటే. మా ఇంట్లో అది ఏమాత్రం పనిచేయలేదు. మీరు మాత్రం దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

2018 ఆగస్టులో ఇరవై ఐదు లీటర్ల రెజిన్ ఉన్న సాఫ్ట్‌నర్ పెట్టించాను. చేత్తో వాల్వు తిప్పే రకం. పైపుల మార్పుతో కలిపి ఇరవై వేల ఐదు వందలు. దాని ముందు మట్టి ఆపే ఫిల్టర్ కూడా పెట్టించాను, మోటారు వేసిన మొదటి రెండు నిమిషాలు మా బోరులో ఎర్రటి నీళ్లొస్తాయి కాబట్టి. తొట్టిలో ఆవగింజల్లాంటి రెజిన్ పూసలుంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని, వాటికి బదులు సోడియాన్ని నీళ్లలోకి వదులుతాయి. ఇల్లంతటికీ ఇవ్వకుండా స్నానాలకి, మెషీన్‌కి, ఆర్‌ఓకి మాత్రమే లైన్ వేయించాను. టాయిలెట్ ఫ్లష్‌కి, చెట్లకి మామూలు బోరు నీళ్లే.

బిగించిన రోజే పరీక్ష చేశాను. పొడి వేయగానే నీళ్లు నీలంగా తిరిగాయి, ఒక్క చుక్క కూడా పట్టలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అమ్మకి మాత్రం మొదట నచ్చలేదు. "ఎంత కడిగినా సబ్బు పోలేదే నాయనా, ఒళ్లంతా జారుతోంది" అంది. అది సబ్బు మిగిలిపోవడం కాదు, మెత్తని నీళ్లు ఒంటికి అలాగే తగులుతాయి. నెలకి అలవాటైంది. ఇప్పుడు బంధువుల ఇంటికి వెళ్లొస్తే అక్కడి నీళ్లు గరుకుగా ఉన్నాయని తనే అంటుంది.

ఏడేళ్లలో ఏం మారిందంటే, గీజర్ ఎలిమెంట్ మళ్లీ మార్చలేదు. ఏటా డిసెంబరు ముందు విప్పించి చూస్తాను, అడుగున గుప్పెడు పొడి ఉంటే ఎక్కువ. మెగ్నీషియం కడ్డీ మాత్రం ఇప్పుడూ అరుగుతుంది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరగడమే దాని పని. వాషింగ్ పౌడర్ సగానికి తగ్గింది. మొదటి వారం పాత కొలతే వేస్తే నురగ ఎక్కువై మెషీన్ మధ్యలో ఆగిపోయింది. తెల్ల చొక్కాలు బిర్రుగా అట్టల్లా ఉండటం పోయింది. ఆర్‌ఓ మెంబ్రేన్ మూడేళ్లు దాటి వచ్చింది.

ఇక బాధ పెట్టే వైపు. ఇది బిగించి మర్చిపోయే వస్తువు కాదు. రెండు వేల లీటర్లు పోయాక రెజిన్ నిండిపోతుంది, అప్పుడు ఉప్పునీళ్లతో కడగాలి. నలుగురికి రోజుకి 250 లీటర్ల లెక్కన మాకు ఎనిమిది రోజులకోసారి. నాలుగు కిలోల రాళ్ల ఉప్పు కరిగించి, వాల్వు తిప్పి, మొదట వెనక్కి కడిగి, ఉప్పునీళ్లు లాగించి, మళ్లీ మంచిగా కడగడానికి గంటకి పైనే పడుతుంది. పాతిక కిలోల ఉప్పు బస్తా యాభై రోజులొస్తుంది. ఒక వారం బద్ధకిస్తే మళ్లీ కఠినజలమే లోపలికి పోతుంది, చూడ్డానికి తేడా తెలియదు. అందుకే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటాం, నెలకోసారి చుక్కల పరీక్ష చేస్తాం.

నీళ్లు వృథా కావడం నాకు ఇంకా మింగుడుపడని విషయం. కడిగినప్పుడల్లా నూట యాభై లీటర్ల పైన పోతాయి. వాన చినుకు కోసం ఎదురుచూసే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. ఊరికే పోతున్నాయి కదా అని మొదట్లో ఆ నీళ్లు పెరట్లోకి వదిలాను. మూడు నెలలకి కరివేపాకు చెట్టు ఆకుల కొసలు మాడి, తర్వాత కొమ్మలే ఎండిపోయాయి. అమ్మ పదేళ్లు పెంచిన చెట్టు. దయచేసి ఆ నీళ్లు మొక్కలకి పోయకండి, నేరుగా డ్రైనేజీలోకి పంపండి. చివర్లో వచ్చే కడుగు నీళ్లు ఉప్పగా లేకపోతే బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం.

తాగే నీళ్ల విషయంలో జాగ్రత్త. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ని తీయదు. మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాబట్టి నీళ్లు మెత్తబడ్డాయి కదా అని తాగేయకండి. పైగా అందులో సోడియం పెరుగుతుంది. అమ్మకి బీపీ ఉంది, అందుకే వంటకి కొళాయి నీళ్లు, తాగడానికి ఆర్‌ఓ నీళ్లు. సోడియాన్ని, ఫ్లోరైడ్‌ని ఆర్‌ఓ చాలావరకు తీసేస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఇంత ఖర్చు కుదరదు. వాళ్లు గీజర్ వేడి 50 డిగ్రీల దగ్గర ఉంచుకున్నా గార బాగా తగ్గుతుంది. షవర్, ట్యాపుల జల్లెడలు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెడితే పొద్దుటికి గార వదిలిపోతుంది. నేను సాఫ్ట్‌నర్ లేని రోజుల్లో ఖాళీ వాషింగ్ మెషీన్‌ని కూడా నెలకోసారి నిమ్మ ఉప్పుతో తిప్పి ఉంటే ఆ హీటర్ ఇంకొన్నాళ్లు బతికేది. బాత్రూంలు కడిగే యాసిడ్ మాత్రం వద్దు, లోహాన్ని తినేస్తుంది.

పోయిన ఏడాది నుంచి మా సాఫ్ట్‌నర్ రెండు వేల లీటర్లకి బదులు పదహారు వందలకే చేతులెత్తేస్తోంది. రెజిన్ పాతబడింది. తొట్టి, వాల్వు గట్టిగానే ఉన్నాయి కాబట్టి రెజిన్ ఒక్కటే మార్పిస్తే చాలు. వచ్చే వేసవిలోపు ఆ పని చేయించాలని డబ్బు పక్కన పెట్టాను.