దాచుకోవాలా, చెప్పాలా, తప్పుకోవాలా: కౌన్సెలర్ నమ్మకాల విషయంలో ఏది మేలు?

కౌన్సెలర్‌కీ నమ్మకాలుంటాయి. పెళ్లిని ఎంతవరకు నిలబెట్టుకోవాలి, తాగుడు జబ్బా బలహీనతా, దేవుడున్నాడా, తల్లిదండ్రుల మాట ఎక్కడిదాకా వినాలి, వీటన్నిటి మీదా ఏదో ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది. క్లయింటు ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ అభిప్రాయాన్ని ఏం చేయాలి? ప్రధానంగా మూడు దారులున్నాయి. లోపలే దాచుకుని తటస్థంగా వినడం ఒకటి. బయటికి చెప్పేయడం రెండోది. తన నమ్మకాలకు పొసగని క్లయింటును వేరొకరి దగ్గరికి పంపేయడం మూడోది. నేను రెండో దారివైపే మొగ్గుతాను, అదీ చాలా పొదుపుగా వాడితేనే. మూడోది దాదాపు ఎప్పుడూ తప్పే అంటాను.

ముందు దాచుకోవడం సంగతి. ఇది పాత దారి, గౌరవమున్న దారి. వైద్యుడు రోగికి అద్దంలా ఉండాలి, రోగి చూపించిందే తిరిగి చూపాలి తప్ప తనను తాను చూపించుకోకూడదని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1912లోనే రాశాడు. తర్వాత అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ వేరే తోవలో వచ్చి, క్లయింటును ఏ షరతూ లేకుండా అంగీకరించాలన్నాడు. ఇద్దరికీ పొత్తు కుదరని విషయాలు బోలెడు. కానీ కౌన్సెలర్ తన తీర్పును క్లయింటు మీద రుద్దకూడదన్న దగ్గర కలుస్తారు. దీనివల్ల జరిగే మేలు చిన్నది కాదు. చుట్టూ ఉన్నవాళ్లంతా సలహాలతో విసిగించిన మనిషికి, ఏ సలహా ఇవ్వకుండా కుదురుగా వినేవాళ్లు ఒకరు దొరకడమే సగం ఊరట.

చిక్కేమిటంటే, దాచాలనుకున్నంత మాత్రాన దాగదు. 1955లో గ్రీన్‌స్పూన్ అనే పరిశోధకుడు కొందరిని కూర్చోబెట్టి, తోచిన మాటలన్నీ వరసగా చెప్పమన్నాడు. బహువచనంలో ఉన్న మాట వచ్చినప్పుడల్లా 'ఊఁ' అన్నాడు. అంతే, బహువచనాలు పెరిగాయి. ఎందుకు పెరుగుతున్నాయో ఆ మాటలు చెప్పినవాళ్లకే చాలావరకు తెలియలేదు. 1966లో ట్రూయాక్స్ ఏకంగా రోజర్స్ సెషన్ల రికార్డింగులనే పరిశీలించాడు. క్లయింటుకు తాను దారి చూపించనని చెప్పే రోజర్స్ కూడా కొన్ని రకాల మాటలకు ఎక్కువ ఆప్యాయంగా, ఎక్కువ అర్థం చేసుకుంటూ స్పందించాడని తేలింది. ఆయన అలా స్పందించిన రకం మాటలే చాలావరకు పోనుపోను క్లయింటు నోట పెరిగాయి. ఒకే ఒక్క కేసు మీద చేసిన పని అది, కాబట్టి మరీ ఎక్కువ లాగకూడదు. కానీ ఆ పద్ధతిని పుట్టించినవాడికే పూర్తిగా సాధ్యం కానిది మిగతావాళ్లకు సాధ్యమవుతుందని నేననుకోను.

సెషన్‌లో ఇదెలా జరుగుతుందో చూడండి. ఒకామె వచ్చి, "ఆయన్ని వదిలేసి వెళ్లిపోదామనిపిస్తోందండీ" అంటుంది. పెళ్లి ఎలాగైనా నిలవాలని నమ్మే కౌన్సెలర్ ఆ మాట పైకి అనడు. "పిల్లల గురించి ఏమనుకుంటున్నారు?" అని అడుగుతాడు. విడిపోతేనే మంచిదని నమ్మే ఇంకో కౌన్సెలర్ "ఈ ఆలోచన ఎన్నాళ్లుగా ఉంది?" అని అడిగి, కాస్త ముందుకు వంగి వింటాడు. రెండు ప్రశ్నల్లోనూ తప్పు లేదు. కానీ మొదటాయన దగ్గర ఆమె తర్వాతి పావుగంట పిల్లల గురించి మాట్లాడుతుంది, రెండో ఆయన దగ్గరైతే తన గురించి మాట్లాడుతుంది. ఇలాంటి పావుగంటలు పోగుపడి చివరికి ఒక నిర్ణయమవుతాయి. అది పూర్తిగా తన సొంత నిర్ణయమనే ఆమె అనుకుంటుంది. తాను తటస్థంగానే ఉన్నానని కౌన్సెలర్ కూడా నిజాయితీగా నమ్ముతాడు. నాకు భయమేసేది ఇక్కడే. మాటల్లో చెప్పిన అభిప్రాయాన్నయితే ఆమె కాదనగలదు. ప్రశ్న రూపంలో వచ్చినదాన్ని ఎలా కాదంటుంది?

రోజెంతాల్ అనే పరిశోధకుడు 1955లో పన్నెండు మంది రోగులను పరిశీలించాడు. మెరుగుపడ్డారని తేల్చినవాళ్ల నైతిక విలువలు తమ థెరపిస్టుల (మానసిక చికిత్స చేసేవాళ్ల) విలువలకు దగ్గరగా జరిగాయి. మెరుగుపడనివాళ్లలో అలా జరగలేదు. చిన్న అధ్యయనమే, కానీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సరే, అయితే మొదటి రోజే అంతా చెప్పేస్తే? దాగని దాన్ని దాచినట్టు నటించడం కన్నా ఇది మర్యాదైన పని. "ఈ విషయంలో నా మొగ్గు ఇటువైపు ఉంది, నా ప్రశ్నల్లో అది కనిపిస్తే నన్ను ఆపండి" అని కౌన్సెలర్ చెబితే, క్లయింటు చేతికి ఒక హక్కు వస్తుంది. స్త్రీవాద థెరపిస్టులు తమ విలువలను బయటపెట్టాలన్నది ఇందుకే. అయితే ప్రమాదమూ ఉంది. బాధలో వచ్చిన మనిషికి కౌన్సెలర్ మాట మామూలు అభిప్రాయంలా వినిపించదు, తీర్పులా వినిపిస్తుంది. పైగా అడగని నమ్మకాలన్నీ ఏకరువు పెడితే సెషన్ క్లయింటుది కాకుండా పోతుంది. అందుకే రెండు సందర్భాల్లో మాత్రమే చెప్పాలంటాను: క్లయింటు అడిగినప్పుడు, లేదా తన నమ్మకం తన ప్రశ్నలను నడిపిస్తోందని కౌన్సెలర్‌కే అర్థమైనప్పుడు. ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి మళ్లీ క్లయింటు విషయానికి వచ్చేయాలి.

ఇక పంపేయడం. వినడానికి ఇదే అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది: "నా వల్ల మీకు న్యాయం జరగదు, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి." అమెరికాలో దీని మీద పెద్ద గొడవే నడిచింది. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో కౌన్సెలింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని, తన మతవిశ్వాసం కారణంగా స్వలింగ సంబంధంలో ఉన్న క్లయింటును వేరొకరికి ఇమ్మని అడిగింది. 2009లో ఆమెను కోర్సు నుంచి తీసేశారు. కేసు అప్పీలు కోర్టు దాకా వెళ్లి 2012లో రాజీతో ముగిసింది. 2014లో అక్కడి కౌన్సెలర్ల వృత్తి సంఘమైన అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ తన నియమావళిని తిరగరాస్తూ, కేవలం సొంత విలువల కారణంగా క్లయింటును వేరొకరికి పంపకూడదని స్పష్టంగా రాసింది. 2016లో టెనెసీ రాష్ట్రం అందుకు ఎదురుగా చట్టం చేస్తే, నాష్‌విల్‌లో జరగాల్సిన తన 2017 సమావేశాన్ని ఆ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చుకుంది.

నేను ఆ నియమం పక్షమే. ఎంతో ధైర్యం కూడగట్టుకుని నోరు విప్పిన మనిషిని, విన్న వెంటనే వేరొకరి దగ్గరికి పొమ్మంటే ఎంత మెత్తగా చెప్పినా ఆ మనిషి చెవికి చేరేది ఒక్కటే: మీ విషయం నాకు సహించదు. నైపుణ్యం లేక పంపడం వేరు. తిండికి సంబంధించిన తీవ్రమైన మానసిక సమస్యతో వచ్చినవాళ్లను, ఆ శిక్షణ లేని కౌన్సెలర్ తన దగ్గరే అట్టిపెట్టుకోవడం తప్పు. విలువల అయిష్టాన్ని నైపుణ్యలోపం పేరుతో చెప్పుకోవడమే అసలు సమస్య.

ఈ మూడింటి మీద జరిగే చర్చలో దాదాపు ఎవరూ పట్టించుకోని నమ్మకం ఒకటుంది. మతం, పెళ్లి లాంటివి పెద్ద నమ్మకాలు కాబట్టి కౌన్సెలర్‌కు తనకున్నాయని తెలుసు. "ఈ మనిషి మారడు" అన్నది ఎవరూ నమ్మకంగా లెక్కవేయరు, అనుభవం అనుకుంటారు. ఎక్కువ హాని దీనివల్లే జరుగుతుందని నా అభిప్రాయం. 1977లో లీక్, కింగ్ అనే పరిశోధకులు మద్యం మానిపించే కేంద్రాల్లోని కౌన్సెలర్లకు, ఫలానావాళ్లు బాగా కోలుకునే అవకాశముందని చెప్పారు. నిజానికి ఆ పేర్లు ఏ ఆధారం లేకుండా, లాటరీ తీసినట్టు ఎంచినవి. ఆ పేర్లున్నవాళ్లే మిగతావాళ్లకన్నా బాగా కోలుకున్నారు. 1993లో మిల్లర్ బృందం తాగుడు సమస్య ఉన్నవాళ్ల సెషన్లను పరిశీలిస్తే, థెరపిస్టు ఎంత ఎక్కువగా నిలదీస్తే ఏడాది తర్వాత క్లయింటు అంత ఎక్కువగా తాగుతున్నట్టు కనిపించింది. తాగేవాళ్లు నిజం ఒప్పుకోరన్న నమ్మకం ఉన్నవాళ్లే కదా అలా నిలదీసేది.

ఇలాంటి నమ్మకం విషయంలో దాచడం, చెప్పడం, పంపడం మూడూ పనికిరావు. "మీరు మారతారని నాకు నమ్మకం లేదు" అని క్లయింటుతో చెప్పి సాధించేదేముంది? దీన్ని సెషన్ బయటే తేల్చుకోవాలి. క్లయింటు అనుమతితో రికార్డు చేసిన సెషన్‌ను మరో అనుభవజ్ఞుడి ముందు పెట్టి, ఎక్కడ ప్రశ్న వంకరపోయిందో, ఎక్కడ 'ఊఁ' ఆగిపోయిందో వినిపించుకోవాలి. దీన్నే సూపర్‌విజన్ అంటారు. అది శిక్షణ రోజులతో అయిపోయేదని చాలామంది అనుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అవసరం పెరుగుతుందంటాను నేను, ఎందుకంటే అనుభవం పేరుతో గట్టిపడే నమ్మకాలు అప్పుడే ఎక్కువ.

మీరు కౌన్సెలర్‌ను వెతుక్కుంటున్నవాళ్లైతే, మొదటి సెషన్‌లోనే మీ సమస్యకు సంబంధించి ఆయన లేదా ఆమె అభిప్రాయం ఏమిటో మొహమాటం లేకుండా అడగండి. మీ అభిప్రాయంతో కలవకపోయినా ఫరవాలేదు. "నాకు ఏ అభిప్రాయమూ లేదండీ" అంటే మాత్రం ఇంకో ప్రశ్న అడగండి: మీ సెషన్లను ఎవరితోనైనా చర్చిస్తుంటారా అని.