ఒకే ఫోనులో ఇంటి నంబరు, కొట్టు నంబరు: అయిదేళ్ల వాడకం

మాది ఆత్రేయపురం. పూతరేకులు చుట్టి అమ్మే ఇల్లు. 2020 వరకు ఇంటికీ అమ్మకానికీ ఒకటే నంబరు. రాత్రి పదకొండింటికి ముక్కూ మొహం తెలియని మనిషి ‘హాయ్’ అని పెట్టేవాడు. కొనేవాడో కాదో తేలక జవాబివ్వాల్సి వచ్చేది. పాప ఫొటో పెట్టుకుంటే పది రేకుల బాక్సు ఒకటి కొన్నవాళ్లందరికీ కనిపించేది. విసిగిపోయి రెండో సిమ్ తీసుకుని, అదే ఫోనులో వ్యాపారుల కోసం విడిగా ఉండే యాప్, వాట్సాప్ బిజినెస్, వేసుకున్నాను.

హాయిగానే ఉంది. నెయ్యి-పంచదారవి, బెల్లంవి, జీడిపప్పువి ధరలతో సహా కేటలాగ్‌లో పెట్టాను. ‘రావులపాలెం నుంచి కొరియర్ వేస్తాము’ అన్న మాటను రోజుకు ఇరవైసార్లు టైపు చేసే బాధ తప్పింది. డబ్బు కట్టాల్సినవారికి ఒక రంగు లేబుల్, పార్శిల్ వెళ్లినవారికి ఇంకో రంగు. రాత్రి ఏడు దాటితే ‘ఉదయం తొమ్మిదికి మాట్లాడతాము’ అని దానంతట అదే చెబుతుంది. ఒకే వాట్సాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకునే వీలు 2023 అక్టోబరులో ప్రకటించారు కానీ, ఈ లేబుళ్ల కోసమే నేను మారలేదు.

అయితే నంబరు మార్చినంత మాత్రాన మనిషి రెండుగా విడిపోదని మొదటి నెలలోనే తెలిసింది. డబ్బులు నా సొంత ఖాతాకే కదా వచ్చేది! యూపీఐలో కట్టేవారికి ఖాతాదారు పేరు కనిపిస్తుంది. కొట్టుకు ఎంత ముచ్చటైన పేరు పెట్టుకున్నా చివర్లో నా పేరు ఇంటిపేరుతో సహా బయటపడేది. బ్యాంకులో కొట్టు పేరిట కరెంట్ అకౌంట్ తెరిచి, వ్యాపారుల క్యూఆర్ కోడ్ తీసుకున్నాకే అది ఆగింది. పాత నంబరు సంగతి ఇప్పటికీ తేలలేదు. ఫోన్ చేసినవారి పేరు చూపించే యాప్‌లో నేను ‘పూతరేకులు ఆంటీ’ని. ఎవరో అలా సేవ్ చేసుకున్నారు, అదే స్థిరపడింది. పాప స్కూలు టీచరుకు ఫోన్ చేసినా ఆవిడ తెర మీద అదే పేరు. కాంటాక్టులు చూడనివ్వమని ఏ యాప్ అడిగినా ఇప్పుడు వద్దనే నొక్కుతున్నాను.

రెండో సిమ్‌తో ఒక జాగ్రత్త. ఇంట్లో వైఫై ఉండడంతో సిమ్ మూలన పడి ఉన్నా వాట్సాప్ నడుస్తూనే ఉండేది, రీచార్జి మాట గుర్తుకు వచ్చేది కాదు. తొంభై రోజులు వాడకం లేక, బాలెన్సూ లేకపోతే నంబరు పోతుంది, తర్వాత ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఒక వేసవిలో నేను ఆ అంచు దాకా వెళ్లి వచ్చాను. వాట్సాప్ ఖాతాకు అదనపు తాళంగా ఆరంకెల పిన్ కూడా అప్పుడే పెట్టాను.

నా అసలు పొరపాటు వేరు. తెర మీద రెండు వాట్సాప్‌ల గుర్తులూ పచ్చగానే ఉంటాయి, ఒకదానిలో ‘బి’ అక్షరం ఉంటుంది, అంతే తేడా. పాప ఓణీల ఫంక్షన్ రాత్రి, నిద్రమత్తులో, ఫొటోలు కొట్టు స్టేటస్‌లో పెట్టేశాను. నలభై నిమిషాల తర్వాత చూసుకుని తీసేశాను. అప్పటికే ఒకాయన పాప పేరేమిటని అడిగాడు, బ్లాక్ చేశాను. హైదరాబాదు నుంచి ఎప్పుడూ తెప్పించుకునే పెద్దావిడ మాత్రం ‘చిట్టితల్లికి నా ఆశీస్సులు’ అని పెట్టి, డజను బాక్సులు కావాలన్నారు.

ఆ తర్వాత కొట్టు స్టేటస్‌లో మొహాలు లేవు, మా అత్తగారి చేతులు మాత్రం ఉంటాయి. కొబ్బరి మట్టల మంట మీద బోర్లించిన కుండ, జయ రకం బియ్యం పిండిలో ముంచిన గుడ్డ. ఒక్కసారి అలా లాగితే తెల్లగా పొర పడుతుంది, అంచు పట్టుకుని లేపితే కాగితమంత రేకు. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పుడు పెట్టిన స్టేటస్‌ను ఎంతమంది చూశారో, ఆ పది సెకన్ల వీడియోనూ అంతమంది చూశారు.

లొంగనిది ఒక్క బంధువర్గమే. మా మేనత్త ఒకసారి పొరపాటున కొట్టు నంబరుకు సందేశం పెట్టింది. వెంటనే వేళల జవాబు వెళ్లింది. మర్నాడు ఫోన్ చేసి, “ఏమే, మేనత్తకు కూడా వేళలు చెబుతావా?” అని నిలదీసింది. అప్పటి నుంచి ఆవిడ ఆర్డర్లన్నీ ఇంటి నంబరుకే. ఇది రాస్తుండగానే ఒకటి వచ్చింది: బెల్లంవి నాలుగు బాక్సులు, నెయ్యి ఎక్కువ వేయాలి, సంక్రాంతికి అల్లుడు వస్తున్నాడు. డబ్బు ఊసు లేదు.