చెరువు నీటిలో వైరస్ సెన్సర్: క్యూసీఎం మేలా, లవ్ తరంగం మేలా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే భీమవరం చుట్టుపక్కల విద్యార్థులు నన్ను అడిగేది ఒకటే: రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్‌ను పట్టే సెన్సర్‌కు క్యూసీఎం (మీద ఏదైనా అంటుకుంటే కంపన వేగం మారే క్వార్ట్జ్ స్ఫటికపు సూక్ష్మ తూనిక) తీసుకోవాలా, లవ్ తరంగ చిప్పు (ఉపరితలం వెంట పక్కకు ఊగుతూ సాగే, లవ్ అనే శాస్త్రవేత్త పేరున్న అలతో పనిచేసేది) తీసుకోవాలా?

ఉపరితల అలల్లోనే మరో రకమైన మామూలు రేలీ తరంగాల చిప్పును ముందే పక్కన పెట్టండి. దాని ఉపరితలం పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి నీరు తగలగానే శక్తి ధ్వనిగా మారి నీటిలోకి జారిపోతుంది. మిగిలిన రెండింటిలో కదలిక పక్కకే. అందుకే నీటిలోనూ నిలుస్తాయి.

సున్నితత్వంలో లవ్ తరంగానిదే పైచేయి, సందేహం లేదు. నేను మాత్రం ముందు చూసేది అల నీటిలోకి ఎంత లోతు దిగుతుందన్నది. క్యూసీఎంలోని 5 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికానికి అది సుమారు 250 నానోమీటర్లు. 100 మెగాహెర్ట్జ్ లవ్ తరంగానికి 56 మాత్రమే. తెల్లమచ్చ వైరస్ కణం లావే 80 నుంచి 120 నానోమీటర్లు. అది అడ్డంగా పడుకున్నా లవ్ తరంగానికి గట్టిగా తెలిసేది అడుగు భాగమే. అందుకే ఈ వైరస్‌కు నా ఓటు క్యూసీఎంకే. పట్టాల్సింది చిన్నదైన ప్రొటీన్ అయితే నా తీర్పు తిరగబడుతుంది. విబ్రియో బాక్టీరియా అయితే రెండింటికీ పెద్దదే.

ఇక ఉప్పు. లిథియం టాంటలేట్ స్ఫటికం మీద చేసిన లవ్ తరంగ చిప్పులో విద్యుత్ క్షేత్రం నీటిలోకీ చొరబడుతుంది. వాన పడి చెరువు ఉప్పదనం మారితే, పైన లోహపు పూత లేని చిప్పు దాన్నీ సంకేతంగానే చూపిస్తుంది. పైగా దువ్వెన పళ్లలాంటి ఎలక్ట్రోడ్లకు నీరు తగలకుండా గాస్కెట్ బిగించడం పెద్ద తలనొప్పి. క్యూసీఎంలో నీటివైపు బంగారు ఎలక్ట్రోడ్‌ను గ్రౌండ్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

క్యూసీఎంకూ గండం ఉంది, అది ఉష్ణోగ్రత. ఒక్క డిగ్రీ మారితే నీటి చిక్కదనం మారి పౌనఃపున్యం ఏడెనిమిది హెర్ట్జ్ జరుగుతుంది. ఒక హెర్ట్జ్ జరిగిందంటే చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాముల బరువు అంటుకున్నట్టు లెక్క అని గుర్తుంచుకోండి. మన ఊళ్లలో కరెంటు పోయి ఏసీ ఆగితే లేని వైరస్ కూడా కనిపిస్తుంది. వైరస్ పొర మెత్తన కాబట్టి పౌనఃపున్యం మార్పును బరువుగా మార్చే 1959 నాటి సావర్‌బ్రే సమీకరణాన్ని గుడ్డిగా వాడకండి, డిసిపేషన్ (కంపనంలో శక్తి ఎంత త్వరగా కరిగిపోతుందన్నది) కూడా కొలవండి.

ల్యాంబ్ తరంగాలు, గిగాహెర్ట్జ్ ఫిల్మ్ రెజొనేటర్లు అనే వేరే రకాల సెన్సర్లు కూడా ఉన్నాయి. తయారీ సదుపాయం లేనివారు వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

క్యూసీఎం కొంటే రెండు స్ఫటికాలు కొనండి. ఒకదానికి ఈ వైరస్‌ను పట్టే యాంటీబాడీ, రెండోదానికి దాన్ని పట్టని యాంటీబాడీ పూసి, రెండింటిపైనా ఒకే నీటిని ఒకేసారి పారించి, తేడానే లెక్కలోకి తీసుకోండి.