పది తర్వాత ఐటీఐనా, పాలిటెక్నిక్కా?

త్వరగా సంపాదనలో పడాలంటే ఐటీఐ. వెల్డర్ ట్రేడ్ ఏడాదే, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. రోజులో ఎక్కువ సేపు వర్క్‌షాపులోనే గడుస్తుంది: ఆకురాయి పట్టడం, కొలతలు తీయడం, వైరింగ్ చేయడం. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ వస్తుంది. అయితే మెషీన్లు పాతబడిన చోట చేరితే చేతికి పని రాదు, సర్టిఫికెట్ మాత్రమే వస్తుంది. చేరేముందు వర్క్‌షాపు ఒకసారి చూసి రండి.

పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా కోర్సు. చేరాలంటే పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కలు, డ్రాయింగ్, థియరీ ఎక్కువ. సూపర్‌వైజర్ స్థాయి ఉద్యోగాలకు డిప్లొమా అడుగుతారు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

లెక్కలంటే టెన్షన్ పడే పిల్లల్ని పరువు కోసం పాలిటెక్నిక్‌కి తోయకండి. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లకు కూడా డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది.