కళింగపట్నంలో నాలుగు సీసాల బిట్టర్

టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉన్నా స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్ళోకి ఇంకో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. రాత్రిపూట దిగేవాళ్ళు ఆటో ముందే మాట్లాడుకోవడం మంచిది. మేం దిగేసరికి పదిన్నర దాటింది. నా చేతిలో బట్టల బ్యాగు, బావ చేతిలో తువ్వాళ్ళు చుట్టిన నాలుగు సీసాలు. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా బావ ఆ సంచిని పైకెత్తి గుండెకి ఆనించుకునేవాడు.

బావ మా మేనత్త కొడుకు, లీడ్స్‌లో ఉద్యోగం. సంక్రాంతికి వస్తూ అక్కడి చిన్న క్రాఫ్ట్ బ్రూవరీలో కాచిన బెస్ట్ బిట్టర్ అనే బీరు తెచ్చాడు. ఒక్కో సీసా 500 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపితే 2 లీటర్లు, బయటి దేశం నుంచి వచ్చేవాళ్ళు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది అంతే. ఆల్కహాల్ 4.2 శాతం. మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మేవాటితో పోలిస్తే సగమే. ఇది మత్తు కోసం కాదు, రుచి కోసం తాగేదని బావ దారంతా చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం పేరులోనే చేదు ఉన్న బీరు ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

ఆ రాత్రి బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు తెల్లారి ఐదింటికే వచ్చాయి, అరసవల్లికి పొద్దున్నే వెళ్ళాలనుకునేవాళ్ళకి అదే పెద్ద సౌకర్యం. గదిలో ఫ్రిజ్ లేదు. సీసాలు చల్లని చోట పెట్టమని కౌంటర్‌లో అడిగితే, అబ్బాయి సరేనని రెండు తీసుకెళ్ళాడు. ఎక్కడ పెడుతున్నాడో మేం అడగలేదు. పొద్దున చూస్తే ఒక సీసా డీప్ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం డబ్బాల మధ్య పగిలిపోయి ఉంది. ఇంత తక్కువ ఆల్కహాల్ ఉన్న బీరు సున్నాకి రెండు మూడు డిగ్రీలు దిగితే చాలు గడ్డకడుతుంది, గడ్డకడితే ఉబ్బుతుంది. పాపం, ఆ అబ్బాయి మొహం చూసి ఏమీ అనలేకపోయాం. రెండోది బతికింది. మేనేజర్ మాత్రం క్షమించండి అని ఒక మాట కూడా అనకుండా బిల్లు చేతిలో పెట్టాడు. అది బాధనిపించింది.

అరసవల్లిలో దర్శనం అరగంటలో అయిపోయింది. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో అయితే ఇంత తేలిగ్గా కాదు. అక్కణ్ణుంచి శాలిహుండం వెళ్ళాం. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుక స్తూపాలు, చైత్యాలు, కింద చిన్న మ్యూజియం. మెట్లెక్కాక నీడ తక్కువ, మంచినీళ్ళు మనమే తీసుకెళ్ళాలి. పైనుంచి నది మలుపు చూడటానికైనా ఆ కొండ ఎక్కాలి.

కళింగపట్నంలో కొబ్బరితోటలో ఒక కాటేజీ తీసుకున్నాం. 2,600 రూపాయలు. ఊరి నుంచి మా అత్తావాళ్ళ ఇల్లు ఆరేడు కిలోమీటర్లే అయినా, సముద్రం పక్కన ఒక సాయంత్రం గడపాలని బావ కోరిక. దోమతెరలు ఉన్నాయి, బాత్రూమ్ బాగుంది, బోరు నీళ్ళు మాత్రం ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగ రాదు. బావకి ఆ నీళ్ళు చూడగానే బర్టన్ గుర్తొచ్చింది. ఇంగ్లండ్‌లో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊళ్ళో బావినీళ్ళలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్ళతో కాస్తే, బీరుకి చేదునిచ్చే హాప్స్ పువ్వుల చేదు నాలుక మీద జిడ్డుగా నిలవకుండా శుభ్రంగా దిగుతుందట. ఆ ఊరి పేల్ ఏల్ అనే లేత రంగు బీరు 1820ల నుంచి పీపాల్లో ఓడలెక్కి, ఆఫ్రికా చుట్టూ తిరిగి, నెలల తరబడి ప్రయాణం చేసి కలకత్తా చేరేది. అంటే ఈ బంగాళాఖాతం మీదుగానే. ఆ పేల్ ఏల్‌నే ఇంగ్లండ్‌లో జనం బిట్టర్ అనడం మొదలుపెట్టారు, అప్పట్లో దొరికే మైల్డ్ అనే బీరు కంటే చేదుగా ఉండేది కాబట్టి. లైట్‌హౌస్ వైపు చూస్తూ ఇదంతా వింటుంటే, చేతిలో ఉన్న సీసా ఎక్కడో పరాయి దేశానిది అనిపించలేదు.

కాటేజీ కుర్రాడు చాలా మర్యాదస్తుడు. అడక్కుండానే బకెట్ నిండా ఐసు తెచ్చి సీసాని మెడదాకా పూడ్చాడు, గ్లాసులు కూడా ఫ్రిజ్‌లో పెట్టి మంచు పట్టించి తెచ్చాడు. అందరూ అడిగేది అదే కదా. బావ సీసాని ఎండ పడని వైపు జరిపాడు గానీ ఐసు గురించి కుర్రాణ్ణి ఏమీ అనలేదు. మొదటి గుక్క నాకు నచ్చలేదు. నాలుక మొద్దుబారింది, గొంతులో కషాయం తాగినట్టు చేదు, అంతే. వాసనే లేదు. బావ నవ్వి గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకోమన్నాడు. ఇంగ్లండ్‌లో పబ్ కింద నేలమాళిగలో పీపాలు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఐసు ఊసే ఉండదు. ఇరవై నిమిషాలు ఆగి తాగితే అదే బీరు వేరేలా ఉంది. ముందు బిస్కెట్ లాంటి తీపి, తర్వాత ఎండిన నారింజ తొక్క వాసన, చివర్న పాలు పోయని టీ లాంటి వగరు. కానాగంత చేపల వేపుడు తెప్పించుకున్నాం గానీ ఆ కారానికి చేదు ఇంకా కరుకుగా తగిలింది. వేపుడు అద్భుతం, కానీ ఈ బీరు పక్కన కాదు. పలాస నుంచి తెచ్చుకున్న జీడిపప్పు నేతిలో వేయించి ఉప్పు చల్లి ఇమ్మంటే కుర్రాడు ఇచ్చాడు. దానితో చక్కగా కుదిరింది.

మిగిలిన రెండూ అత్త ఇంట్లో. వరండా మూలన ఇసుక పరిచి, దాని మీద మంచినీళ్ళ కుండ. ఆ ఇసుక ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బావ సీసాలకి తడిగుడ్డ చుట్టి కుండ పక్కన ఇసుకలో నిలువుగా పాతాడు. పడుకోబెట్టకూడదు, ఈస్ట్ అడుగున పేరుకోవాలి. ఇది సీసాలో కూడా కొంచెం కొంచెంగా పులిసే రకం. లీడ్స్ నేలమాళిగంత చల్లదనం మన కుండకి రాదు, కానీ జనవరి రాత్రి గాలికి చాలా దగ్గరికి వచ్చింది.

డాబా మీద లైటు కింద బావ వంచుతుంటే చూశాను. గ్లాసు వాల్చి, అంచు వెంబడి సన్నగా, ఒక్క ధారలో. లేత పాకం రంగు. నురగ వేలెడు కూడా లేదు, గ్లాసు గోడకి జాలీలా అంటుకుంది. అడుగున అరంగుళం ఉండగా మబ్బులా ఈస్ట్ కదిలింది, అక్కడితో చెయ్యి ఆపేశాడు. ఆ మిగిలింది నేను విడిగా రుచి చూశాను, పులిసిన పిండి రుచి. పారబొయ్యాల్సిందేమీ కాదు.

ఇంతలో జంతికల పళ్ళెంతో అత్త పైకొచ్చింది. ఏమంటుందోనని నాకు టెన్షన్. గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏట్రా ఇది, చోడి మొలకల పిండి వేపినప్పటి వాసనొస్తంది?" అంది. బావ ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయాడు. బీరు కాచే మాల్ట్ అంటే అదే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడి గాలికి ఆరబెట్టడం. మా అత్త పిల్లలందరికీ చోళ్ళతో, అంటే రాగులతో చేసి పెట్టింది సరిగ్గా ఆ పనే. పన్నెండేళ్ళుగా ఈ బీరు తాగుతున్నా నాకు తట్టలేదమ్మా అన్నాడు. ఆమె తాగలేదు. ఇంకోసారి వాసన చూసి గ్లాసు తిరిగిచ్చింది.

కల్లు ఎలాగో అసలు బిట్టర్ కూడా అలాగేనని బావ ఆ రాత్రి చెప్పాడు. పబ్‌లో పీపాకి కుళాయి కొట్టాక మూడు నాలుగు రోజులే, తర్వాత గాలి తగిలి పులిసిపోతుంది. కుళాయి కొట్టిన పీపా దూరం మోసుకెళ్ళడానికి పనికిరాదు. మేం తాగింది ఆ రుచికి దగ్గరి చుట్టం. ఆ దగ్గరితనం ఐసు బకెట్ ఉన్నచోట కాకుండా అత్త కుండ పక్కన దొరికింది కాబట్టి, ఎవరైనా ఇలాంటి సీసా తెస్తే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, తాగే ముందు అరగంట బయట ఉంచండి. బస చేసిన చోట ఎవరి చేతికైనా ఇస్తే ఎక్కడ పెడతారో అడిగి, పక్కనుండి చూడండి.

తిరుగు ప్రయాణం రోజు అత్త ఒక సంచి ఇచ్చింది. అందులో కడిగి ఆరబెట్టిన రెండు బీరు సీసాలు, నిండా గానుగలో ఆడించిన నువ్వుల నూనె, మూతల స్థానంలో గుడ్డ చుట్టిన బిరడాలు. ముదురు రంగు సీసాలని దాచిందట, వెలుతురు తగిలితే నూనె కనరు వాసన వస్తుందని. హాప్స్ కూడా వెలుతురు తగిలితే పాడవుతుందనే బీరు ఆ రంగు సీసాల్లో పోస్తారని బావ చెబుతున్నాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి, నిలువుగా పెట్టి తీసుకెళ్ళమని అక్కణ్ణుంచే కేకేస్తోంది.