తేలినీలాపురం నుంచి తేలుకుంచి దాకా: మూడు రోజులు పక్షుల వెంట

శ్రీకాకుళం జిల్లాకి సైబీరియా నుంచి పక్షులొస్తాయని మావాడికి బళ్లో ఎవరో చెప్పారు. వాడికి తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే గోల, ఎప్పుడెళ్దాం, ఎప్పుడెళ్దాం అని. నాన్న కూడా రిటైరయ్యాక ఎటూ కదల్లేదు. నవంబరు మొదటి వారంలో ముగ్గురం విజయనగరంలో పలాస ప్యాసింజరెక్కాం.

ఆ వారమే ఎంచుకోవడానికి ఒక లెక్క ఉంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి కొంగలు తొలకరితో వస్తాయి. పిల్లలు ఎగరడం నేర్చుకున్నాక నవంబరు, డిసెంబరుల్లో వెళ్లిపోతాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులనే కొంగలు వానలు తగ్గుముఖం పట్టాక దిగి మార్చి దాకా ఉంటాయి. రెండు ఊళ్లూ ఒకే ప్రయాణంలో చూడాలంటే ఈ మధ్యలో కొద్ది రోజులే వీలు.

నౌపడ జంక్షన్‌లో దిగి తేలినీలాపురానికి ఆటో మాట్లాడుకున్నాం. తీసుకెళ్లి, రెండు గంటలు ఆగి, టెక్కలిలో దింపడానికి ఆరు వందలు అడిగాడు. సరేనన్నాం. ఊరు దగ్గరపడగానే ముందు వాసన తగిలింది, చేపల వాసన, రెట్ట వాసన కలిసి. తర్వాత గోల. సంతలో అందరూ ఒకేసారి బేరమాడుతున్నట్టుంది. ఆ తర్వాతే చింతచెట్లు కనిపించాయి. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ప్రతి కొమ్మ చివరా ఒక గూడు, గూటికి ఇద్దరో ముగ్గురో పిల్లలు.

అటవీశాఖ వాళ్లు వాచ్ టవర్ కట్టారు, చిన్న మ్యూజియం ఉంది. టవర్ మీంచి గూళ్లు మన కళ్ల ఎత్తులో కనిపిస్తాయి. బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఫోన్ కెమెరాతో తీసినవన్నీ తెల్ల చుక్కలే.

ఒక్క గూడు మీదే అరగంట సేపు చూపు పెట్టాం. తల్లో తండ్రో తెలీదు, ఓ పెద్ద గూడబాతు వచ్చి కొమ్మ మీద వాలింది. అంత బరువుకి కొమ్మ ఊగిపోయింది. అది నోరు తెరవగానే పిల్ల తల మొత్తం లోపలికి పెట్టేసింది, మెడ దాకా. తల్లి ముక్కు కింద సంచి అటూ ఇటూ కదులుతోంది. మావాడు భయపడి “అమ్మా, మింగేస్తోంది” అన్నాడు. మింగట్లేదు, తింటోంది. పెద్దది పొట్టలో మోసుకొచ్చి సంచిలోకి కక్కిన చేపల్ని పిల్ల ఏరుకుంటోంది. పక్క చెట్టు మీద పెయింటెడ్ స్టార్క్ ఎండకి అడ్డంగా రెక్కలు చాపి నిలబడింది. ఆ నీడలో పిల్లలు. తోక దగ్గర ఆ గులాబీ రంగు ఫొటోల్లో చూసిన దానికంటే లేతగా, బాగుంది.

కింద ఊరతను ఒకాయన మాతో మాట కలిపాడు.

“ఎక్కణ్నించొచ్చారమ్మా?”

“విజయనగరం నుంచండీ.”

“సూడండి, సూడండి. ఇవి మా ఊరి ఆడపిల్లల్లాంటివి. పురుడు పోసుకోడానికొస్తాయి, పిల్లల్నేసుకెళ్తాయి.”

ఆయన ఆ మాట అనేదాకా నేను కూడా ఇవి సైబీరియా పక్షులనే అనుకుంటూ ఉన్నాను. ఇంటికొచ్చాక చదివితే ఆయన మాటే నిజమని తేలింది. పురిటికి పుట్టింటికే వస్తారు. పక్షులదీ అంతే. చలి తట్టుకోలేక ఉత్తరాన్నించి వచ్చేవి ఇక్కడ తిని బలుస్తాయి తప్ప గూడు కట్టవు. ఎండాకాలానికి వెనక్కెళ్లి సొంత చోటే గుడ్లు పెడతాయి. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని పెంచే గూడబాతు, పెయింటెడ్ స్టార్క్, తేలుకుంచి కొంగ, మూడూ మన పక్షులే. దక్షిణాసియా చెరువుల్లో, పొలాల్లో పుట్టి పెరిగినవే. నీళ్లెక్కడుంటే అక్కడికి తిరుగుతూ ఉంటాయి, అంతే.

ఇది చిన్న తేడాగా అనిపించొచ్చు. నాకు మాత్రం చాలా పెద్దదనిపిస్తోంది. “విదేశీ అతిథులు” అనుకుంటే వచ్చినప్పుడు చూసి, పోయాక మరిచిపోతాం. మనింటివే అనుకుంటే మిగతా నెలల్లో అవి తిరిగే చెరువులు, తంపర (చిత్తడి) భూములు ఏమవుతున్నాయో కూడా మనమే చూసుకోవాలి. 2021 డిసెంబరులో ఇదే తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. కడుపులో ఏలికపాముల్లాంటి పురుగులు చేరాయని, చుట్టుపక్కల చెరువుల చేపల నుంచి వచ్చి ఉంటాయని తేల్చారు. గూడు కట్టిన చెట్టుకి ఏ లోటూ లేదు. తిండి దొరికే నీళ్లలోనే తేడా వచ్చింది. చెట్టు చుట్టూ కంచె వేస్తే చాలదని ఆ ఏడాది తెలిసొచ్చింది.

ఒక్క విషయం మాత్రం బాధ కలిగించింది. మేం టవర్ మీద ఉండగా ఒక వ్యానులో కుర్రాళ్లు దిగి, పక్షులన్నీ ఒకేసారి ఎగిరితే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టారు, ఈలలేశారు. ఊరివాళ్లు గట్టిగా కేకలేసి ఆపారు. పెద్దవి కంగారుగా లేచినప్పుడు చిన్న పిల్లలు గూట్లోంచి జారిపోతాయి. అంతెత్తు నుంచి పడ్డ పిల్లని తల్లి మళ్లీ గూట్లోకి ఎత్తుకోలేదు. మీరు వెళ్తే దయచేసి మెల్లగా మాట్లాడండి.

సాయంత్రం నౌపడ ఉప్పుమడుల వైపు వెళ్లాం. ఉప్పు తీసేది ఎండలు ముదిరాక. నవంబరులో మడులన్నీ వాన నీటితో నిండి ఉంటాయి. గూడబాతులు మేతకొచ్చేది ఈ చిత్తడి వైపే. గట్టు మీద కూర్చుంటే బురదలో పిచ్చుకంత పిట్టలు గుంపులుగా పరిగెడుతున్నాయి. బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట, నల్లటి కాళ్లు. కుట్టుమిషన్ సూదిలా ముక్కు బురదలో దించడం, తీయడం, దించడం, తీయడం. పక్షుల పుస్తకంలో బొమ్మతో పోల్చి చూశాం, లిటిల్ స్టింట్. పాతిక గ్రాములుంటుందేమో. ఇది పుట్టేది ఉత్తర ధ్రువం అంచున, చెట్లు మొలవని సైబీరియా చలినేలల్లో, టండ్రాలో. మావాడు వెతుక్కుంటూ వచ్చిన సైబీరియా పక్షి దొరికింది! దీనికోసం బోర్డు లేదు, టవర్ లేదు. వాడు చాలాసేపు కదలకుండా బోర్లా పడుకుని చూశాడు. చొక్కా నిండా బురద. నేనేం అనలేదు.

రాత్రి టెక్కలి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ముగ్గురికి తొమ్మిది వందలు. దుప్పట్లు ఉతికినవి, ఫ్యాను బాగా తిరిగింది, రాత్రి పన్నెండుకి కూడా కుళాయిలో నీళ్లొచ్చాయి. అంతకంటే ఏం కావాలి. పొద్దున్న టిఫిన్ కూడా బాగుంది.

రెండో రోజు బస్సులో పలాస మీదుగా సోంపేట. దారంతా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఇక్కడే తీరం దాటింది. లక్షల్లో కొబ్బరిచెట్లు పోయాయి. ఆ తర్వాత నాటినవి ఇప్పుడు బస్సు కిటికీ ఎత్తు దాటి పెరిగాయి. వాటి మధ్య మొండాలు ఇంకా అక్కడక్కడ నిలబడే ఉన్నాయి.

సోంపేట బీల గురించి నాన్న చిన్నప్పట్నుంచీ చెప్పేవారు. బీల అంటే పల్లపు నీటి భూమి. వానలకి నిండుతుంది, ఆ నీళ్లు నెమ్మదిగా చుట్టూ పొలాలకి, బావులకి చేరతాయి. పైకి చూస్తే తుంగ, కలువలు, బురద. ఏమీ లేని చోటులా కనిపిస్తుంది. “పనికిరాని నేల” అని కాగితాల మీద రాసి థర్మల్ ప్లాంటుకి ఇవ్వబోయింది ఈ బీలనే. ఈ నీటి మీద వరి వేసుకునేవాళ్లు, చేపలు పట్టుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు కలిసి అడ్డం తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటు మాత్రం రాలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తేలినీలాపురానికి దగ్గర్లోనే ఉన్న కాకరాపల్లి తంపరల్లోనూ ఇలాంటి గొడవే జరిగి కాల్పుల దాకా వెళ్లింది.

మేం వెళ్లినప్పుడు బీల నిండుగా ఉంది. మోకాలి లోతు నీళ్లలో ఒకామె గంపతో చేపలు పడుతోంది. ఆమెకి పది అడుగుల దూరంలో తెల్ల కొంగలు నాలుగు నిలబడ్డాయి. ఆమె కదిలితే అవి కదులుతున్నాయి, ఆమె ఆగితే అవీ ఆగుతున్నాయి. ఆమె కాళ్లు కదిపినప్పుడు లేచే చిన్న చేపలు వాటికి. ఇక్కడ చూడ్డానికి టికెట్టు లేదు, కూర్చోడానికి బెంచీ కూడా లేదు, గొడుగు తప్పదు. నన్నడిగితే మూడు రోజుల్లో మనసుకి బాగా పట్టిన చోటు ఇదే.

బారువ బీచికి వెళ్లి మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు చూసి, కాళ్లు తడుపుకుని వచ్చేశాం. ఇసుక శుభ్రంగా ఉంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఇంకా రాలేదు. చలికాలం చివర్లో అయితే ఈ తీరం కథ వేరు.

ఇచ్ఛాపురంలో లాడ్జి విషయంలో దెబ్బతిన్నాం. ఫోన్లో ఏసీ గది అని పన్నెండు వందలు చెప్పి, వెళ్లాక ఏసీ పనిచేయదన్నారు, డబ్బు మాత్రం తగ్గించలేదు. బాత్రూం తలుపుకి గడియ లేదు. నాన్నకి మెట్లు కష్టమని కింద గది అడిగితే, ఉండి కూడా ఇవ్వలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే వెళ్లి గది చూసుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి. పొద్దున్నే రైల్లో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయినా తేలుకుంచి చూడొచ్చు, రాత్రి ఉండాల్సిన పనే లేదు.

మూడో రోజు తెల్లారి ఆరుకల్లా ఆటోలో తేలుకుంచి చేరాం. తేలినీలాపురంలో పక్షుల్ని చూడ్డానికి టవర్ ఎక్కాం. ఇక్కడ ఎక్కక్కర్లేదు, పక్షులు ఇళ్ల మీదే ఉన్నాయి. పెరట్లో చెట్టు, చెట్టు నిండా కొంగలు, కింద ముగ్గు, ముగ్గు మీద రెట్ట. ఒక పెద్దావిడ చీపురుతో వాకిలి ఊడుస్తోంది.

“రోజుకెన్నిసార్లు ఊడుస్తారు మామ్మా?” అన్నాను.

“లెక్కేటమ్మా. అవొచ్చిన కాణ్నుంచి ఎల్లిందాకా ఊడుపే.”

“విసుగు రాదా?”

“అవి రాకపోతే వాన రాదు. వాన రాకపోతే ఊడవడానికి గింజలుండవు.”

దీని వెనక ఉన్న సంగతి నాకు చాలా నచ్చింది. ఈ కొంగ పేరు ఓపెన్ బిల్. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పోకచెక్క పట్టడానికి అడకత్తెరలో ఉన్నట్టు. దాని ప్రధానమైన తిండి పొలాల్లో నత్తలు. ఎండాకాలమంతా నత్తలు బురద పగుళ్లలో మూత బిగించుకుని పడుకుంటాయి. తొలకరికి మడి నిండితే బయటికొస్తాయి. అప్పుడే కొంగ పిల్లలకి మేత. అందుకే కొంగా వానా ఒకేసారి వస్తాయి. నత్తలు లేత వరిని కొరుకుతాయి, కొంగలు నత్తల్ని తింటాయి, రెట్ట చెట్టు కిందా పొలంలోనూ ఎరువవుతుంది. ఊరివాళ్లకి ఈ లెక్క ఏ పుస్తకమూ చెప్పలేదు. దీపావళికి ఈ వీధిలో ఎవరూ బాంబులు కాల్చరని మామ్మ చెప్పింది. పురుగుమందు ఎక్కువ కొట్టిన పొలాల్లో నత్తలు తగ్గాయని, కొంగలు దూరం పోతున్నాయని పక్కింటి రైతు అన్నాడు. ఆయన మొహంలో దిగులు స్పష్టంగా కనిపించింది.

అప్పటికే సగం గూళ్లు ఖాళీ. ఇంకో రెండు మూడు వారాలు ఆగి వెళ్తే ఏమీ మిగలవు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే నిండుగా చూడొచ్చు, కానీ వాన, బురద. ఊళ్లో హోటల్ కోసం వెతక్కండి, ఇచ్ఛాపురంలోనే తినేసి నీళ్లు పట్టుకెళ్లండి. ఇళ్ల మధ్య తిరుగుతాం కాబట్టి పెరట్లోకి అడిగే వెళ్లండి. మమ్మల్ని ఎవరూ కాదనలేదు.

వచ్చేముందు ఊరి చివర మడిగట్టు మీద మావాడు ఒక కొంగ పిల్లని చూపించాడు. ఎగరడం వచ్చింది, ముక్కుకి సందు ఇంకా రాలేదు. పిల్లలకి ముక్కు తిన్నగానే ఉంటుంది, పెరిగే కొద్దీ సందు ఏర్పడుతుంది. అది నత్తని పట్టుకుని నీళ్లలో నొక్కుతోంది, జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటోంది. పక్కనే పెద్దది ముక్కు నత్త మూత కిందికి దూర్చి, గుల్ల పగలకుండా కండ మొత్తం లాగేసింది. పిల్ల తలెత్తి చూసి, మళ్లీ తన నత్త దగ్గరికే వచ్చింది. ఆటో అతను హారన్ కొట్టబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. “ఉండు బాబూ, దానికి ఇంకా రాలేదు” అన్నారు. నాలుగోసారో ఐదోసారో వచ్చింది.