‘పసిపిల్లలకి ఫ్రీ’ అని థీమ్ పార్కు టికెట్లు కొంటున్నారా? ముందు ఇది చదవండి

సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక పెద్ద థీమ్ పార్కుకి వెళ్లాం. మా బాబుకి అప్పుడు ఎనిమిదో నెల. సాయంత్రం అక్కడి నుంచి ఇంటికి రాలేదు, నేరుగా పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాం. టెన్షన్ పడకండి, వాడు ఇప్పుడు బాగున్నాడు. నేనిది రాస్తుంటే పక్కన కూర్చుని వాళ్ల నాన్న చెప్పు నోట్లో పెట్టుకోవడానికి చూస్తున్నాడు. వేసవి సెలవులు రాబోతున్నాయి, మీలో చాలామంది చంటిపిల్లలతో ఇలాంటి చోట్లకి టికెట్లు బుక్ చేస్తుంటారు. అందుకే రాస్తున్నా. పార్కు పేరు మాత్రం అడగొద్దు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా పేరు చెప్తే ఆ ఒక్కదానికి మానేసి పక్కదానికి వెళ్తారు.

మొత్తం పొరపాటు టికెట్ కొనేటప్పుడే మొదలైంది. వెబ్‌సైట్లో ‘90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ప్రవేశం ఉచితం, కుటుంబమంతా కలిసి ఆనందించే రైడ్లు’ అని ఉంది. ఆ రెండు ముక్కలూ ఒకే లైన్లో ఉండేసరికి నా బుర్రలో కలిసిపోయాయి. గేటు దాటడం ఫ్రీ అన్నారంతే, రైడ్ ఎక్కొచ్చని ఎక్కడా అనలేదు. ఆ తేడా నాకు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాక వెలిగింది. మేం నలుగురు పెద్దవాళ్లం, మా ఆడపడుచు పిల్లలు ఇద్దరు. ఒక్కో టికెట్ పదమూడు వందల పైనే. అంత డబ్బు పోశాక చంకలో బిడ్డతో రోజంతా చెట్టు కింద కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి.

మధ్యాహ్నం దాకా బుద్ధిగానే ఉన్నాం. నేనూ అత్తయ్యా బాబుని చూసుకుంటూ నీడలో కూర్చున్నాం. మధ్యలో ఒకసారి సీట్లు కదిలే థియేటర్లోకి వెళ్లబోయి, తలుపు దగ్గరే ఆ శబ్దానికి వాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడిస్తే వెనక్కి వచ్చేశాం. అక్కడితో ఆగాల్సింది.

మూడింటికి చిన్నపిల్లల జోన్‌లోకి వెళ్లాం. అక్కడ గొంగళిపురుగు ఆకారంలో ఒక బుల్లి రైలు ఉంది. ఆకుపచ్చ రంగు, ముందు నవ్వుతున్న మొహం, మనిషి ఎత్తు కూడా లేని పట్టాలు. చూస్తే మన ఊరి తిరునాళ్లలో తిరిగే రైలు బండిలాగే ఉంది. బోర్డు మీద ‘90 సెం.మీ. లోపు పిల్లలు పెద్దల తోడుతో మాత్రమే’ అని రాసి ఉంది. సరే, తోడు నేనున్నాగా అనుకున్నా. కనీసం ఎంత ఎత్తు ఉండాలో ఆ బోర్డులో లేదు. ఉండాలి కదా అన్న ఆలోచన నాకూ రాలేదు. అయినా అనుమానం తీరక అక్కడున్న అబ్బాయిని అడిగాను. “ఏం కాదక్కా, ఒళ్లో కూర్చోబెట్టుకోండి, పొద్దున్నుంచి ఎంతమంది ఎక్కించారో” అన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు, నవ్వుతూనే చెప్పాడు. మెడ నిలబడింది, బోర్లా పడి బొబ్బట్లు కూడా తినిపించాడు, పాకుతున్నాడు, ఇంకేం భయం అని మా ఆయన వీడియో తీయడానికి రెడీ అయిపోయాడు. అత్తయ్య మాత్రం “వద్దమ్మా, పసివాడు” అంది. నేను వినలేదు. ఇది దాచుకుని రాస్తే ఈ పోస్టుకి అర్థం లేదు.

ఇక్కడ ఆ ఇనుప కడ్డీ సంగతి వివరంగా చెప్పాలి. సీటుకి అడ్డంగా పైనుంచి కిందికి దిగే కడ్డీ ఒకటే ఉంటుంది, ఆ సీట్లో కూర్చున్న అందరికీ కలిపి. అది ఎక్కడ ఆగుతుంది? లావుగా ఉన్నవాళ్ల తొడ దగ్గర ఆగుతుంది. నా తొడ మీద ఆగింది. అంటే అది పట్టుకున్నది నన్ను, బాబుని కాదు. వాడు నా పొట్టకీ ఆ కడ్డీకీ మధ్య ఖాళీలో, నా రెండు చేతుల మీద ఉన్నాడు. పెద్దవాళ్ల పక్కన ఐదారేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టినా ఇదే గొడవ, వాళ్లకీ కడ్డీకీ మధ్య జానెడు సందు మిగులుతుంది. ఇన్నేళ్లుగా ఎన్నో జెయింట్ వీల్స్ ఎక్కాను, ఒక్కసారి కూడా కిందికి చూసుకోలేదు.

మొదటి చుట్టు మెల్లగానే పోయింది, వాడు నవ్వాడు కూడా. రెండో చుట్టులో వేగం పెంచారు. మలుపులో బండి ఒక్కసారిగా పక్కకి విసిరింది. నేను గట్టిగానే పట్టుకున్నాను, ఒంటిని పట్టుకున్నాను. తల నా చేతిలో లేదు. అది ముందు పక్కకి వాలి, తర్వాత వెనక్కి నా ఛాతీకి కొట్టుకుంది. ఆపండని అరిచాను, పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. చివర్లో బ్రేకు వేసినప్పుడు వాడి మూతి వెళ్లి కడ్డీకి తగిలింది. పెదవి చిట్లింది. రక్తం కంటే నన్ను భయపెట్టింది వేరే. వాడు ఏడవలేదు. కొన్ని క్షణాలు అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఏడ్చాడు, ఆ తర్వాత పాలన్నీ కక్కేశాడు.

ఫస్ట్ ఎయిడ్ గది అక్కడి నుంచి పది నిమిషాల నడక. అందులో దూది, డెటాల్, ఒక మంచం, బీపీ మిషన్, సెక్యూరిటీ యూనిఫాంలో ఒకాయన. ఐస్ కూడా లేదు, జ్యూస్ కొట్టు దగ్గర అడిగి తెచ్చుకున్నాం. అంబులెన్స్ ఉందిగానీ డ్రైవర్ భోజనానికి వెళ్లాడట. మా కారులోనే బయల్దేరాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ ముప్పావు గంట ఎలా గడిచిందో రాయలేను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్లలో టార్చి వేసి చూసింది, నడినెత్తి మీద మాడు తడిమి ఉబ్బిందేమో చూసింది, చేతులూ కాళ్లూ కదిలించి చూసింది. రాత్రంతా అక్కడే ఉంచుకుని గంట గంటకీ గమనించారు. వాంతి మళ్లీ కాలేదు కాబట్టి స్కానింగ్ అక్కర్లేదంది. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: పుట్టినప్పుడు బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. ఏడాది లోపు కూడా ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది, దాన్ని మోసే మెడ కండరాలేమో లేతవి. మెడ నిలబడటం అంటే కదలకుండా ఉన్నప్పుడు తలని నిలబెట్టుకోగలగడం, అంతే. ఊహించని కుదుపు వస్తే ఆపుకునే బలం ఆ కండరాలకి రాదు. తల అటూ ఇటూ విసురుగా ఊగితే లోపల మెదడూ కదులుతుంది, దాని చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు చిట్లే ప్రమాదం ఉంది. బయట చిన్న బొప్పి కూడా కనపడకపోవచ్చు.

ఒళ్లో పట్టుకుంటే ఏమీ కాదన్న ధైర్యం కూడా వట్టిదే. మా వాడు ఎనిమిది కిలోలు. మలుపులో రెండింతల బరువు పడితే పదహారు కిలోలు, అదీ అనుకోని వైపుకి. కారులో బిడ్డని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దని చెప్పేది కూడా ఇందుకే.

మీకెవరికైనా ఇప్పటికే ఇలాంటిది జరిగి ఉంటే, ఇంటికి వచ్చాక బిడ్డ మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటున్నా, పాలు తాగకపోయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఆపకుండా కీచుగా ఏడుస్తున్నా, మాడు ఉబ్బినట్టు అనిపించినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. దిష్టి తీయండి, వద్దనను, మా అత్తయ్య కూడా ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. కానీ అది ఆసుపత్రి నుంచి వచ్చాకే తిప్పింది.

మర్నాడు పార్కుకి ఫోన్ చేస్తే మేనేజర్ రెండు మాటలు అన్నాడు. ఒకటి, టికెట్ వెనక ‘సొంత బాధ్యత మీద’ అని రాసి ఉందట. రెండోది విని నేను నిర్ఘాంతపోయాను. బాబుకి టికెట్టే కొనలేదు కాబట్టి వాడు అసలు వాళ్ల కస్టమరే కాడట!

మా పెదనాన్నగారి అబ్బాయి లాయరు. అన్నయ్య ఏం చెప్పాడంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో ఆ సేవ పొందినవాళ్లు కూడా వినియోగదారులే. అంటే నేను కట్టిన డబ్బుతో నా ఒళ్లో కూర్చున్న పిల్లాడూ వినియోగదారుడే. ‘సొంత బాధ్యత’ అని అచ్చు వేసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు, ఆ చట్టంలోనే అన్యాయమైన ఒప్పందాల గురించి వేరే మాట ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ప్రభుత్వం వాళ్ల ఈ-జాగృతి పోర్టల్లో కేసు ఆన్‌లైన్లోనే వేయొచ్చు. మనం కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది.

మాకు అన్నిటికంటే పనికొచ్చింది మా ఆయన తీసిన ఆ వీడియో. నాలుగైదుసార్లు ఆపి ఆపి చూస్తే, బండి ఇంజిన్ పక్కన రంగు వెలిసిన ఒక చిన్న రేకు కనపడింది. తయారు చేసిన కంపెనీ కొట్టిన రేకు. దాని మీద ఇంగ్లీషులో, కనీస ఎత్తు 36 అంగుళాలు అని ఉంది. అంటే 91 సెంటీమీటర్లు. మా వాడు డెబ్భై కూడా లేడు. కంపెనీ వాళ్లు అసలు ఎక్కించొద్దన్న పిల్లల్ని, పార్కు వాళ్లు తమ బోర్డు మీద ‘పెద్దల తోడుతో’ అని మార్చేసుకున్నారన్నమాట. అందుకే చెప్తున్నా, గేటు దగ్గర బోర్డు ఒక్కటే చూసి ఊరుకోకండి. కనీస ఎత్తు ఎంతో నోరు తెరిచి అడగండి. ‘తోడు ఉంటే చాలు’ అంటే, తోడు ఉన్నా సరే కనీసం ఎంత ఉండాలని మళ్లీ అడగండి. ఆ అబ్బాయి నసిగితే వెనక్కి తిరగండి. పాపం రోజంతా మీట నొక్కే కుర్రాడికి మీ బిడ్డ మెడ గురించి ఏం తెలుస్తుంది, మీరెక్కితే క్యూ కదులుతుంది.

పిల్లలు ఎక్కదగ్గ రైడ్లే ఉండవని కాదు. మా చెల్లి ఫ్లోరిడాలో ఉంటుంది. ఆర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో నీళ్ల మీద పడవలు మెల్లగా తేలుతూ పోయే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ లాంటివాటికి ఎత్తు నిబంధనే లేదు, చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఎక్కొచ్చు. అదే ‘సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్’ దగ్గర 38 అంగుళాలు లేకపోతే ఎక్కనివ్వరు. మరి చంటిపిల్ల ఉన్నవాళ్లు? ‘రైడర్ స్విచ్’ అని ఒక పద్ధతి ఉంది. ఒకరు బిడ్డతో బయట ఉంటారు, రెండోవాళ్లు రైడ్ ముగించుకుని వచ్చాక మళ్లీ క్యూ మొత్తం నిలబడకుండా వీళ్లు వెళ్తారు. ఇక్కడ మాకు అలాంటిదేం కనపడలేదు. అడిగితే మళ్లీ లైన్ చివరికి వెళ్లమన్నారు. ఆ లైన్ గంట. గంట నిలబడలేకే కదా బిడ్డతో సహా ఎక్కేస్తాం.

మిగతా ఇబ్బందులు కూడా క్లుప్తంగా చెప్పేస్తా. ఫీడింగ్ రూమ్ అని బాణం గుర్తు ఉంది, తలుపు తీస్తే చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు. స్ట్రోలర్ అద్దెకి ఇచ్చారు, సగం చోట్ల మెట్లే. వేవ్ పూల్ దగ్గర డీజే స్పీకర్లు ఛాతీలో దడ పుట్టించేంత గట్టిగా ఉన్నాయి, అక్కడ కూడా నెలల పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ వాళ్లు కనపడ్డారు. పూల్ నీళ్లలోకి దింపడం మరీ దారుణం. పసిపిల్లల ఒళ్లు చాలా తొందరగా చల్లబడిపోతుంది, క్లోరిన్ నీళ్లు మింగేస్తారు కూడా. ఆరు నెలల లోపు బిడ్డ అయితే ఎండకి దాహమేసినా పాలే పట్టాలి, మంచినీళ్లు పట్టకూడదు. కాబట్టి ఎండాకాలంలో ఇంకెంత కష్టమో ఆలోచించుకోండి.

అసలు రైడే మధ్యలో ఆగిపోతే? 2025 జనవరిలో హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ ఆగిపోయి, ఎక్కినవాళ్లు తలకిందులుగా వేలాడిన వార్త చూసే ఉంటారు. అక్కడ పెద్దవాళ్లకే ప్రాణాలు గాల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ వార్త గుర్తొస్తే చేతులు వాటంతటవే బాబు తల వెనక్కి వెళ్లిపోతున్నాయి.

ఆసుపత్రి బిల్లు కాగితాలు, వీడియో, టికెట్, ఆ బోర్డు ఫొటో అన్నీ పెట్టి 1915లో ఫిర్యాదు ఇచ్చాం. మీరు కూడా అలాంటి చోటికి వెళ్తే లోపలికి అడుగు పెట్టగానే బోర్డుల ఫొటోలు తీసి పెట్టుకోండి. మా ఫిర్యాదు తర్వాత ఆ పార్కులో గొంగళిపురుగు బోర్డు మార్చేశారని మా ఆడపడుచు వాళ్ల ఫ్రెండ్ చూసి వచ్చి చెప్పింది. పాతది మా ఫోన్లో భద్రంగా ఉంది.

పోయిన వారం పార్కు నుంచి ఫోన్ వచ్చింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కుటుంబానికి నాలుగు ఫ్రీ పాసులు పంపిస్తారట. మేం మొత్తం ఏడుగురం వచ్చాం కదా, నాలుగేమిటని అడిగాను, ఊరికే, ఏమంటాడో చూద్దామని. ఫోన్లో అతను లెక్క వేసుకున్నాడు. “ఆరుగురే మేడం,” అన్నాడు, “బాబుకి టికెట్ లేదుగా.”